కూర్చున్న కొలత

రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
ఫిబ్రవరి 3

చిన్నదానా,

ఫోన్లో నీ మాట సగం కుట్టు మిషను మోతలో పోతుంది. మిగతా సగం ఈ వృద్ధాశ్రమం నడవాలో నిలబడ్డవాళ్లు వినేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

నేను కులాసా అంటే నువ్వెలాగూ నమ్మవు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. విరిగిన తుంటి అతుక్కుందన్నారు. నాకు మాత్రం ఒక్కచోట కాలు నిలవడం లేదు. పొద్దున ఏడింటికి టీ ఇస్తారు. స్నానం వంతుల ప్రకారం, నా వంతు మంగళ, శుక్రవారాలు. పదింటికి అందర్నీ హాల్లోకి తోలుకెళ్లి కుర్చీల్లో గుండ్రంగా కూర్చోబెడతారు. గులాబీ రంగు బంతి ఒకటి ఉంది. ఒకళ్లు విసరాలి, ఎదుటివాళ్లు పట్టాలి. ఈ వ్యవహారమంతా చూసే అమ్మాయికి నేను ఆటల పిల్ల అని పేరు పెట్టాను. మంచి పిల్లే గానీ ప్రతిదానికీ చప్పట్లు కొడుతుంది. నిన్న నా చెప్పులు నేను వేసుకున్నానని కొట్టింది. ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం బొమ్మలకు రంగులు, మూడింటికి పాటలు, నాలుగింటికి నంబర్లు కొట్టేసే హౌసీ ఆట. ఆరున్నరకల్లా ఎవరి మంచం వాళ్లది.

నేను వాకరు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఎదురు మంచం ఆవిడ, "కాలు కాలిన పిల్లిలా ఏమిటమ్మా ఆ తిరుగుడు? నా కళ్లు తిరుగుతున్నాయి" అంటుంది. ఆవిడ ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ముద్రలు వేసిందట. కూర్చోవడం ఆవిడకు అలవాటే. నేను జన్మంతా నిలబడి కత్తెర పట్టినదాన్ని.

అసలు సంగతికొస్తాను. ఏప్రిల్ ఆఖర్లో నాకు మెట్ల పరీక్ష. ఈ భవనం వెనక పన్నెండు మెట్లున్నాయి. ఎవరి సాయమూ లేకుండా ఎక్కితే ఇంటికి పంపిస్తారు. ఎక్కలేకపోతే ఇక్కడే ఉండిపోతానని కాగితం మీద సంతకం పెట్టాలి. మన పైగదికి పద్నాలుగు మెట్లు, పైగా నన్ను పడేసినవి అవే. "కింద కొట్టు గదిలో మంచం వేసుకోకూడదా?" అని ఆఫీసావిడ అడిగింది. కింద కటింగ్ బల్ల ఉందన్నాను. "తీసెయ్యండి" అంది, అదేదో పీట అన్నట్టు. ఎనిమిదడుగుల బల్ల. వడ్రంగి గదిలోనే కూర్చుని చేశాడు, గుమ్మంలోంచి బయటికి రాదు. నలభై ఏళ్లు దాని మీద బట్ట కత్తిరించాను. బల్ల కదలదు, నేనే మెట్లెక్కుతానని చెప్పి వచ్చేశాను.

నువ్వు మాత్రం బల్ల జోలికి పోకు. కొత్త బట్టలేవీ ఒప్పుకోకు. మరమ్మతులు, అంచులు, గుండీలు చూసుకుంటూ ఉండు. కత్తెరకు నూనె రాసి గుడ్డలో చుట్టిపెట్టు.

నీ అక్క


కొట్టు, మిషను దగ్గర
ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. కత్తెరకు నూనె రాశాను.

ఇక్కడ అంతా మామూలే. ఎదురు మందుల షాపాయన రోజూ నిన్నడుగుతాడు. అక్కగారు లేక కొట్టు చిన్నబోయిందన్నాడు. నాకైతే పెద్దదైనట్టు ఉంది. ఖాళీగా ఉందని నా ఉద్దేశం.

మన సందు చివర ఉండే నర్సమ్మ రెండు గౌన్లకు బట్ట పట్టుకొచ్చింది. అక్క వచ్చాకేనండీ అన్నాను. "వచ్చినప్పుడే చూద్దురు, ఇక్కడుంచండి" అని బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

మొన్న ఆదివారం వద్దామనుకున్నాను. నాలుగు గంటల బస్సు ప్రయాణం, పని తెమల్లేదు. ఏమీ అనుకోకు. ఆటల పిల్లను కసురుకోకు అక్కా, పాపం చప్పట్లు కొట్టడం కూడా ఆ అమ్మాయి ఉద్యోగమే అయ్యుంటుంది. పరీక్షకు తొందరపడకు. మెట్ల దగ్గర చెయ్యి కమ్మీ మీదే ఉంచు.

నీ చెల్లి


రెండో అంతస్తు
మార్చి 2

చిన్నదానా,

పని తెమల్లేదని రాశావు. అంచులకీ గుండీలకీ అంత పనేమిటో నాకర్థం కాలేదు. సరే, అది తర్వాత తేలుద్దాం. నా దగ్గర పెద్ద కబురుంది.

ఇక్కడ నెలాఖరు శుక్రవారం, ఆ నెలలో పుట్టినవాళ్లందరికీ కలిపి ఒకటే పార్టీ చేస్తారు. రోజూ ఆ బంతి విసురుతూ వీళ్ల బట్టలు చూస్తున్నాను. అయ్యో రాత! అందరివీ పిల్లలు తెచ్చిపడేసిన పాత బట్టలే, ఒక్కటీ ఒంటికి పట్టదు. మా బల్ల దగ్గర భోజనానికి కూర్చునే డ్రైవరు గారున్నారు. బస్సు నడిపి రిటైరయ్యారు, ఇప్పుడాయన్ని చక్రాల కుర్చీలో వేరేవాళ్లు నడుపుతున్నారు. ఆయన చొక్కాకు మూడు గుండీలు లేవు, రెండు పిన్నీసులున్నాయి. నాకు చేతులు దురద పెట్టాయి. మార్చిలో పుట్టినవాళ్లు ఏడుగురు, ఏడుగురికీ కొత్త బట్టలు నేను కోస్తానని ఆటల పిల్లతో అన్నాను. అది ఏం చేసిందో నీకు చెప్పక్కర్లేదు.

కత్తెర సంపాదించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక్కడ కత్తెర అంటే కత్తితో సమానం. చివరికి భోజనాల హాల్లో, ఆటల పిల్ల ఎదురుగా, సంతకం పెట్టి తీసుకోవాలి, సంతకం పెట్టి తిరిగివ్వాలి. బట్ట వాళ్లే తెప్పించారు. ఇక కొలతలు. ఏడుగురిలో అయిదుగురు నిలబడలేరు. ఎలా అనుకున్నావు? ఇద్దరు ఆయాలు చెరో చంక కిందా చెయ్యేసి లేపి పట్టుకున్నారు, నేను వాకరు పక్కన పెట్టి భుజం నుంచి మడమ దాకా టేపు వేశాను. డ్రైవరు గారు, "ఆరేళ్లయింది నేను ఇంత పొడుగుంటానని మర్చిపోయి" అన్నారు. ఎదురు మంచం ఆవిడ మాత్రం "తొందరగా కానివ్వు తల్లీ, కాళ్లు వణుకుతున్నాయి" అని ఒకటే గోల.

కోసిన ముక్కలన్నీ నంబర్లు వేసి పార్శిల్లో పంపుతున్నాను. నా సుద్ద గీతల మీదే కుట్టు పడాలి. నీ తెలివితేటలేవీ పెట్టకు. ఎన్నాళ్లకో హాయిగా నిద్రపట్టింది. మెట్లు నాలుగు ఎక్కుతున్నాను.

అక్క


కొట్టు
మార్చి 14

అక్కా,

ఏడూ కుట్టాను. బస్సులో పార్శిలు పంపించాను. నీ గీత మీదే కుట్టాను, ఒక్క దారం అటూ ఇటూ పోలేదు.

డ్రైవరు గారు రోజులో ఎంతసేపు నిలబడతారు? ఊరికే అడిగాను.

ఈ ఆదివారం కూడా రాలేను.

చెల్లి


రెండో అంతస్తు
మార్చి 30

ఏమే,

నన్ను నలుగుర్లో నిలబెట్టి పరువు తీశావు.

పార్టీకి కుటుంబాలన్నీ వచ్చాయి. హాలంతా రంగు కాగితాలు. ఏడుగురికీ గదుల్లో బట్టలు తొడిగి, కుర్చీల్లో వరసగా తోసుకొచ్చారు. డ్రైవరు గారి కాలరు గడ్డం మీదికొచ్చింది. పొట్ట దగ్గర బట్టంతా కుప్ప పడింది, వెనక చొక్కా పైకిపోయి నడుం కనిపిస్తోంది. ఎదురు మంచం ఆవిడ గౌను ముందు వైపు చక్రాల కింద పడి, కుర్చీ తోస్తుంటే ఫర్రుమని చిరిగింది. ఇంకొకాయన ప్యాంటు కూర్చోగానే కుట్టు విడిపోయింది. అప్పుడైనా ఆటల పిల్ల చప్పట్లు ఆపిందా? ఆపలేదు. డ్రైవరు గారి కూతురు మొహం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకుంది. "ఏం ఫర్వాలేదమ్మా, నిలబెడితే పెళ్లికొడుకునే, కూర్చోబెడితేనే గోనెసంచిని" అన్నారాయన. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లప్పుడు కూడా నేను కోసిన బట్ట ఒక్కటి తిరిగి రాలేదు.

కొలతలు రెండుసార్లు సరిచూసుకున్నాను, టేపులో తప్పు లేదు. నా కటింగ్‌లో తప్పు లేదు. కాబట్టి కుట్టులో ఉండాలి. నీ ధ్యాస ఎక్కడుందో నాకు తెలియదు. ఆదివారాలు రావు, ఉత్తరం అంటే మూడు లైన్లు. పని చేతకాకపోతే చేతకాదని చెప్పాల్సింది.

ఎక్కడ తప్పు చేశావో రాయి.


కొట్టు, బల్ల దగ్గర నిలబడి
ఏప్రిల్ 6

అక్కా,

నాలుగు కాగితాలు చింపేసి ఇది రాస్తున్నాను. నువ్వు కోప్పడతావు, తెలిసే రాస్తున్నాను.

కుట్టులో తప్పు లేదు. నువ్వు వాళ్లను నిలబెట్టి కొలిచావు. వాళ్లు రోజంతా కూర్చుంటారు. కూర్చున్న మనిషికి ముందు వైపు పొడవు తగ్గుతుంది, వెనక పెరుగుతుంది, నడుము దగ్గర వెడల్పు పెరుగుతుంది. నువ్వు లేపి పట్టుకున్నారని రాసినప్పుడే నాకర్థమైంది. ముక్కలు చేతిలోకి తీసుకోగానే ఖాయమైంది. అయినా కుట్టాను. డ్రైవరు గారి గురించి ఒక్క ముక్క అడిగి నోరు మూసుకున్నాను. తప్పు నాది, కుట్టినందుకు కాదు, చెప్పనందుకు. కటింగ్ గురించి నీతో మాట్లాడటం నాకు ఎప్పుడు అలవాటైంది గనక?

ఎందుకు తెలిసిందంటావేమో. నేను నలభై ఏళ్లుగా కూర్చునే ఉన్నాను అక్కా. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా మిషను ముందు. నా బట్టలన్నీ నువ్వే కోశావు, నన్ను బల్ల పక్కన నిలబెట్టి కొలిచి. అద్దంలో ఎంత బాగుండేవో. కూర్చుంటే చంక కింద కోసేవి, పొట్ట దగ్గర పట్టేసేవి. నువ్వు భోజనానికి పైకి వెళ్లినప్పుడు కింది రెండు గుండీలు విప్పి కుట్టుకునేదాన్ని. మెట్ల చప్పుడు వినగానే పెట్టేసుకునేదాన్ని. నలభై ఏళ్లు! తలుచుకుంటే నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. కత్తెరను గుడ్డలో చుట్టలేదు. నర్సమ్మ గౌన్లు ఫిబ్రవరిలోనే కోశాను. మొదటిదాన్లో రెండు చేతులూ ఎడమవే కోసి, బట్ట సరిపోక పట్టీ వేసి సర్దాను. రెండోది కుదిరింది. ఆవిడ ఇంకో ముగ్గుర్ని పంపింది. ఆదివారాలు అందుకే రాలేదు. నాకు బల్ల దగ్గర నిలబడటం ఇష్టంగా ఉంది. నువ్వు పడ్డందుకు ఏడ్చిన మనిషినే, నువ్వు లేనప్పుడు సంతోషంగా ఉన్నాను. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా వస్తాయో నాకు తెలియదు. నువ్వు తిరిగి రావాలని ఉంది. వస్తే మళ్లీ మిషను ముందు కూర్చోవాలేమోనని భయంగానూ ఉంది.

దీంతో పాటు డ్రైవరు గారికి చొక్కా, ఎదురు మంచం ఆవిడకు గౌను పంపుతున్నాను. నేనే కుర్చీలో కూర్చుని నన్ను నేను కొలుచుకుని, లెక్క తెలుసుకుని, నువ్వు రాసిన కొలతల్ని దాని ప్రకారం మార్చి కోశాను. నచ్చకపోతే చింపి తుడుపుగుడ్డలు చేసుకో.

చెల్లి


వరండా, కుర్చీ
ఏప్రిల్ 29

చిన్నదానా,

మూడు వారాలు రాయలేదు. కోపంతోనే. మొదటి వారం నీ మీద, తర్వాత ఎవరి మీదో తెలియలేదు. పార్శిలు మంచం కింద తోసేశాను. ఎదురు మంచం ఆవిడే చెవిలో ఇల్లు కట్టుకుని పోరి విప్పించింది.

గౌను ఆవిడకు సరిపోయింది. ముందు వైపు మోకాళ్ల మీద నున్నగా పడింది, వెనక ఎక్కడా లాగలేదు. డ్రైవరు గారు ఆ చొక్కా మూడు రోజులు ఉతకడానికి ఇవ్వలేదు. నాలుగో రోజు బతిమాలి తీసుకుని, లోపలి వైపు తిప్పి కుట్లన్నీ చూశాను. తప్పు వెతికాను, దాచుకోవడం దేనికి? దొరకలేదు. మెడ దగ్గర నేనైతే అర అంగుళం తగ్గించేదాన్ని. కాదులే, అక్కర్లేదు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నా బల్ల నీ మిషను వెనకే కదా. నలభై ఏళ్లు నీ వీపు చూస్తూ పనిచేశాను, నీ వీపు కొలత నాకు తెలియలేదు. ఊళ్లో ఎవరి భుజం ఎంత వాలుందో చెప్పగలను. నిన్ను మాత్రం చూడలేదు. తప్పయిపోయింది. ఈ మాట ఎవరితోనూ అన్న గుర్తు లేదు, కాబట్టి సరిగ్గా అన్నానో లేదో కూడా తెలియదు.

నిన్న పరీక్ష అయింది. వ్యాయామం చేయించే ఆయన పక్కన నిలబడ్డాడు. తొమ్మిది మెట్లు ఎక్కాను. పదోదాని మీద కాలు పెట్టగానే ఆ రోజు పడ్డ చప్పుడు చెవిలో మోగింది. నొప్పి కాదే, భయం. మెట్టు మీద కూలబడ్డాను. ఆయన చెయ్యి అందిస్తే లేవనన్నాను. ఆటల పిల్ల పరుగెత్తుకొచ్చి, ఈసారి చప్పట్లు కొట్టకుండా, నా పక్కన అదే మెట్టు మీద కూర్చుంది. ఏడ్చాననుకో.

పదో తారీఖున కాగితం మీద సంతకం. పెట్టేస్తాను. బల్ల నీదే, నువ్వు సంతోషంగా ఉన్నానన్నావు, చాలు. ఇక్కడ నాకేం తక్కువ? బంతి ఉంది, హౌసీ ఉంది. కావాలంటే నెలకోసారి వచ్చిపో. నా మంచం పక్క కిటికీలోంచి బస్సులాగే చోటు కనిపిస్తుంది. ఆగిన బస్సుల్లోంచి దిగేవాళ్లను లెక్కపెడుతూ ఉంటాను. ఎందుకు లెక్కపెడుతున్నానో నన్నడక్కు.

అక్క


కొట్టు
మే 4

అక్కా,

సంతకం పెట్టకు. చెప్పేది పూర్తిగా చదువు, మధ్యలో అరవకు.

నిన్న వడ్రంగిని పిలిచాను. బల్లను అడ్డంగా రెండు ముక్కలు కోయించాను. బయటికి రాదని నువ్వే అన్నావు, కోస్తే వస్తుందని ఇద్దరికీ ఇన్నాళ్లూ తోచలేదు. ఆ ముసలాయన రంపం చేతిలో పట్టుకుని, "అక్కగారిని అడిగారా?" అని నాలుగుసార్లు అడిగాడు. అడగలేదన్నాను. నలభై ఏళ్లూ అన్నీ అడిగే చేశాను, ఇది ఒక్కటీ అడగను అన్నాను. అరగంటలో అయిపోయింది. రంపం ఆడుతున్నంతసేపూ నేను మందుల షాపు అరుగు మీద చెవులు మూసుకుని కూర్చున్నాను. షాపాయన ఏవో మాత్రలిచ్చాడు కూడా, దేనికో తెలియదు.

నాలుగడుగుల బల్ల మిగిలింది. గౌను బట్ట రెండు మడతలు వేసి కోసుకోవాలి, కష్టమే, కోస్తాను. మిగిలిన చోట నీ మంచం పడుతుంది. కొలిచాను. మంచానికీ బల్లకీ మధ్య నీ వాకరు తిరిగేంత దారి ఉంది. పైగదికి నేనెక్కుతాను. నువ్వు ఇక మెట్లే చూడక్కర్లేదు.

ఇప్పుడు నా షరతులు. కత్తెర నాది. కటింగ్ నాది. నువ్వు కాజాలు, గుండీలు, చేతి కుట్టు చూస్తావు, కూర్చుని. మిషను మీద కుట్టడానికి కొత్తగా ఒక అమ్మాయిని పెట్టుకున్నాను, దాని వీపు మీద నీ చూపు పడితే ఊరుకోను. కోపం వస్తే సందు చివరిదాకా వాకరు తోసుకుంటూ పోయి రా. నువ్వు లేని కొట్టు నాకిష్టమైంది, నిజమే. కానీ పొద్దున తలుపు తెరవగానే ఇవాళ ఏం కోశానో ఎవరికి చూపించాలా అని చూస్తాను, ఎవరూ ఉండరు. నువ్వు తిట్టినా సరే, నువ్వే చూడాలి.

సోమవారం కారు మాట్లాడుకుని వస్తున్నాను. సిద్ధంగా ఉండు.

చెల్లి


రెండో అంతస్తు, గుమ్మం దగ్గర కుర్చీ
మే 7

చెల్లీ,

ఆఫీసావిడ కలం ఆవిడకు తిరిగిచ్చేశాను.

బల్ల కోశావని చదివి పెద్దగా అరిచాను. ఆయాలు పరుగెత్తుకొచ్చారు. ఎదురు మంచం ఆవిడ "ఎవరు పోయారమ్మా?" అంది. ఎవరూ పోలేదు, మా చెల్లికి పొగరెక్కిందన్నాను. తర్వాత దుప్పటి కప్పుకుని ఏడ్చాను. బల్ల కోసం కాసేపు, ఆ తర్వాత బల్ల కోసం కాదు.

షరతులకు ఒప్పుకున్నాను. నీ కటింగ్ గురించి నోరెత్తనని మాత్రం రాసివ్వలేను. మాటిచ్చి తప్పే మనిషిని కాదు, అందుకే ఇవ్వడం లేదు. ఆ మిషను అమ్మాయికి కుర్చీ ఎత్తు సరిపోయిందా? చూడు.

ఇక్కడ పన్నెండుమందిని కూర్చోబెట్టి కొలిచి, కొలతలన్నీ రాసి తెస్తున్నాను. డ్రైవరు గారికి ఇంకో రెండు చొక్కాలు కావాలట. ఆటల పిల్ల ఒక గౌను అడిగింది. అది కుదురుగా కూర్చోదు, నిలబడదు, దాన్ని ఎలా కొలవాలో నువ్వే తేల్చు.

నలభై ఏళ్లు ఊరందరికీ కోశాను. నాకోసం ఒకళ్లు కోయడం ఇదే మొదటిసారి. ఏమనాలో తెలియక సంచి సర్దుకుని కూర్చున్నాను.

సోమవారం ఎందుకే? శనివారమే రా. అన్నాళ్లు నేనాగలేను.

అక్క